ఆరోగ్య పరిశోధనలో ప్రజల ప్రాధాన్యాలు: ఓటు వేసే రోజుకు ముందే తేలిపోయే న్యాయం

మోకాళ్ల అరుగుదలతో బాధపడేవాళ్లు తమ జబ్బు గురించి ఏం తేలాలని కోరుకుంటారు? పరిశోధకులు దేని మీద పనిచేస్తున్నారు? 2000లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనం ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. జరిగిన పరిశోధనలో పెద్ద వాటా మందులదే. రోగులు అడిగింది వేరు. మోకీలు మార్పిడి ఆపరేషన్ గురించి, జబ్బుతో రోజులు ఎలా నెట్టుకురావాలో చెప్పే సలహాల గురించి వాళ్లకు జవాబులు కావాలి. మందుల మీదే ఇంకా పరిశోధన జరగాలన్నవాళ్లు పది శాతం కూడా లేరు.

పదిహేనేళ్లు గడిచినా పరిస్థితి పెద్దగా మారలేదు. రోగులు, వైద్యులు కలిసి బ్రిటన్‌లో తయారుచేసిన 14 ప్రాధాన్య జాబితాలను ట్రయల్ రిజిస్ట్రీల్లో, అంటే మనుషుల మీద చేసే చికిత్స పరీక్షల పట్టికల్లో, నమోదైన పరిశోధనలతో 2015లో పోల్చి చూశారు. జాబితాల్లో ప్రస్తావనకు వచ్చిన చికిత్సల్లో మందులు, టీకాలు, బయోలాజికల్స్ (జీవ పదార్థాలతో తయారయ్యే మందులు) 18 శాతం. వాణిజ్యేతర ట్రయల్స్‌లో వాటి వాటా 37 శాతం. కంపెనీలు నడిపే ట్రయల్స్‌లో ఏకంగా 86 శాతం.

ఈ అంతరానికి మూల్యం ఉంది. వైద్య పరిశోధనకు పెట్టే డబ్బులో దాదాపు 85 శాతం వృథా అవుతోందని పరిశోధకులు ఇయాన్ చామర్స్, పాల్ గ్లాజియో 2009లో అంచనా వేశారు. ఆ వృథా మొదలయ్యే మొదటి మెట్టుగా వాళ్లు చూపించింది ప్రశ్న ఎంపికనే. రోగులకూ వైద్యులకూ అక్కరలేని ప్రశ్నను ఎంత పకడ్బందీగా పరిశోధించినా ఫలితం అక్కరకు రాదు. దేశాల మధ్య చూస్తే వ్యత్యాసం ఇంకా పెద్దది. ప్రపంచ ఆరోగ్య పరిశోధన వనరుల్లో సుమారు 5 శాతమే వర్ధమాన దేశాల సమస్యలకు వెళ్తోందని, నివారించదగిన మరణాల భారంలో 93 శాతం మాత్రం ఆ దేశాల మీదే ఉందని 1990లో అంతర్జాతీయ కమిషన్ ఒకటి తేల్చింది.

కాబట్టి ఏ ప్రశ్నల మీద పరిశోధన జరగాలో ప్రజలను అడగాలన్న విషయంలో ఇప్పుడు పెద్ద వివాదం లేదు. నిధులిచ్చే సంస్థల మార్గదర్శకాల్లో ఆ మాట తరచుగా కనిపిస్తుంది. చిక్కంతా అడిగే తీరులో ఉంది. సర్వే పెట్టి, ఒక రోజు సమావేశం జరిపి, పది ప్రశ్నల జాబితా విడుదల చేస్తే ప్రజలు పాల్గొన్నట్టేనని చాలామంది అనుకుంటారు. ఆ జాబితాలో ఏముంటుందన్నది మాత్రం చాలావరకు పాల్గొన్నవాళ్లు ప్రశ్నలకు ఓటేసే ముందే ఖాయమైపోతుంది. పరిధి గీసేటప్పుడు, రోగి మాటను పరిశోధన ప్రశ్నగా తిరగరాసేటప్పుడు, మార్కులు కలిపే సూత్రం ఎంచుకునేటప్పుడు. ఈ మూడు చోట్లా చాలాసార్లు ప్రజల గొంతు బలంగా ఉండదు. న్యాయం జరిగిందో లేదో తెలుసుకోవాలంటే చూడాల్సింది అక్కడే.

ఎవరిని అడుగుతున్నాం?

‘ప్రజలు’ అంటే ఒక్క గుంపు కాదు. జబ్బు ఉన్నవాళ్లు, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లు, జబ్బు వచ్చే ప్రమాదం ఉన్నవాళ్లు, పన్ను రూపంలో పరిశోధనకు డబ్బు కడుతున్న సాధారణ పౌరులు. ఈ నలుగురి ప్రయోజనాలూ ఒకటి కావు. మతిమరుపు జబ్బు ఉన్న మనిషికి తన స్వతంత్రత ముఖ్యం. ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండే భార్యకు రాత్రి నాలుగు గంటల నిద్ర ముఖ్యం. ఇద్దరినీ ఒకే గడిలో ‘రోగులు, సంరక్షకులు’ అని లెక్కిస్తే ఎవరి సంగతి కనబడకుండా పోయిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. అడగాల్సిన ప్రశ్న కూడా మారుతుంది. గుండె జబ్బుకూ మానసిక ఆరోగ్యానికీ మధ్య నిధులు ఎలా పంచాలన్నది పౌరులందరినీ అడగాల్సిన విషయం. పక్షవాతం తర్వాత ఏ సమస్య మీద ముందు పనిచేయాలన్నది పక్షవాతంతో బతుకుతున్నవాళ్లను అడగాల్సిన విషయం.

రోగుల సంఘాల ప్రతినిధులతోనే సరిపెట్టుకోవడం తరచూ జరిగే పొరపాటు. సంఘాలు కావాలి. అవి లేకుండా రోగులను చేరుకోవడమే కష్టం. కానీ సంఘంలో చురుగ్గా ఉండేవాళ్లు సాధారణంగా చదువుకున్నవాళ్లు, జబ్బు కొంత అదుపులో ఉన్నవాళ్లు, సమావేశాలకు అలవాటుపడ్డవాళ్లు. జబ్బు ముదిరి మంచం పట్టినవాళ్లు, రోజు కూలి పోగొట్టుకోలేనివాళ్లు, జబ్బు పేరు బయటికి చెబితే వెలివేస్తారని భయపడేవాళ్లు, అసలు రోగనిర్ధారణే జరగనివాళ్లు ఆ సంఘాల్లో తక్కువ. పైగా కొన్ని సంఘాలకు మందుల కంపెనీలు నిధులిస్తాయి. అది దాచాల్సిన విషయం కాదు, కానీ ప్రకటించి తీరాల్సిన విషయం.

పరిధి గీసిన చోట

ఈ రంగంలో ఎక్కువగా వాడుకలో ఉన్నది జేమ్స్ లిండ్ అలయన్స్ పద్ధతి. 2004లో బ్రిటన్‌లో మొదలైంది. ఒక జబ్బుకు సంబంధించిన రోగులు, సంరక్షకులు, వైద్య సిబ్బంది సమాన హోదాలో ఒక భాగస్వామ్యంగా ఏర్పడతారు. తటస్థ సలహాదారు అధ్యక్షత వహిస్తారు. మందుల కంపెనీలకు గానీ, వైద్యం చేయకుండా పరిశోధన మాత్రమే చేసేవాళ్లకు గానీ ఓటు ఉండదు. తమ ప్రాజెక్టుకు నిధులు రావాలనుకునేవాళ్లు ప్రశ్నలు ఎంచుకునే చోట ఉండకూడదన్నది అందులోని తర్కం. మొదటి సమావేశం నుంచి చివరి జాబితా దాకా ఏడాది, ఏడాదిన్నర పడుతుంది.

ఇందులో మొదట ఏర్పడేది స్టీరింగ్ కమిటీ. అది మొదట చేసే పని పరిధిని నిర్ణయించడం. ఏ వయసువాళ్లు, జబ్బు ఏ దశ, చికిత్స మాత్రమేనా లేక నిర్ధారణ, నివారణ, సేవలు అందే తీరు కూడానా? చూడటానికి ఇది కాగితం పని. అసలు కోత పడేది మాత్రం ఇక్కడే. ‘చికిత్స మాత్రమే’ అని ఒక్క మాట రాస్తే చాలు. ఆసుపత్రి దూరం, మందుల ఖర్చు, నిర్ధారణకు పట్టే కాలం, వైద్యుడు మాట వినకపోవడం లాంటివన్నీ సర్వే మొదలవకముందే పక్కకు పోతాయి. తర్వాత వేల మందిని అడిగినా ఆ ప్రశ్నలకు ‘పరిధి బయట’ అనే ముద్ర పడుతుంది. పేదరికంలో ఉన్నవాళ్లు ఎక్కువగా చెప్పేవి ఇవే కాబట్టి, ఆ ఒక్క మాట వాళ్ల మాటలనే ఎక్కువగా చెరిపేస్తుంది.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. పరిధి రాయకముందే పదీ పదిహేను మంది రోగులతో, సంఘాల్లో లేనివాళ్లతో, విడివిడిగా మాట్లాడాలి. కమిటీలో కనీసం సగం సీట్లు రోగులకు, సంరక్షకులకు ఇవ్వాలి. పరిధి పత్రం మీద వాళ్ల సమ్మతి లేకుండా ముందుకు కదలకూడదు. పరిధి బయటపడ్డ ప్రశ్నలను పారేయకుండా వేరే జాబితాగా ప్రచురించి, ఆ పని ఎవరు చేయాలో వాళ్లకు, అంటే ఆరోగ్య శాఖకో బీమా సంస్థకో పంపాలి. ఎంత శాతం జవాబులు పరిధి బయటికి పోయాయో లెక్క చెప్పాలి. అది మూడో వంతు దాటితే పరిధినే తిరిగి చూసుకోవడం మంచిది.

సర్వే చేరని మనుషులు

తర్వాతి దశ బహిరంగ సర్వే. మూడు నాలుగు ప్రశ్నలు చాలు. ‘ఈ జబ్బు విషయంలో మీకు జవాబు దొరకనిది ఏమిటి?’ అన్నది వాటిలో ప్రధానం. ‘పరిశోధన అంశం సూచించండి’ అంటే చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ‘ఏది తెలిసుంటే మీ రోజు సులువయ్యేది?’ అంటే రాస్తారు.

ఆన్‌లైన్ ఫారమ్ ఒక్కటే పెడితే ఎవరు మిగిలిపోతారో ముందే తెలుసు. పక్షవాతం తర్వాత మాట పడిపోయినవాళ్లకు ఆ ఫారమ్ గోడ లాంటిది. మాట పోవడమే వాళ్ల ప్రధాన సమస్య కాబట్టి, ఆ సమస్యే జాబితాలో తక్కువగా నమోదవుతుంది. బొమ్మల కార్డులు, తీరిగ్గా ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి, పక్కన సహాయకులు ఉంటే వాళ్లూ చెప్పగలరు. చదువురానివాళ్లకు ఫోన్ ఇంటర్వ్యూ, రోజువారీ పనివాళ్లకు పని ముగిశాక వాళ్లున్న చోటికే వెళ్లి నోటిమాటగా తీసుకోవడం, మైనారిటీ భాషల్లో అదే భాష మాట్లాడే మనిషి. ఇవన్నీ బడ్జెట్‌లో మొదటి రోజే రాసుకోవాల్సిన ఖర్చులు. చివర్లో డబ్బు మిగిలితే చూద్దామనుకుంటే మిగలదు.

సర్వే నడుస్తున్నంత కాలం వారానికోసారి జవాబులిచ్చినవాళ్ల వయసు, స్త్రీ పురుష నిష్పత్తి, ప్రాంతం, చదువు, జబ్బు తీవ్రత చూసుకోవాలి. ఆ జబ్బు ఎవరిలో ఎంత ఉందో తెలిపే లెక్కతో పోల్చుకోవాలి. తక్కువ పడ్డ వర్గం ఎవరో తెలిసినప్పుడు గడువు పొడిగించి వాళ్ల దగ్గరికి వెళ్లాలి. సర్వే మూసేశాక ‘ఫలానా వర్గం నుంచి స్పందన తక్కువ’ అని నివేదికలో ఒక వాక్యం రాయడం పరిష్కారం కాదు.

ఒక రోగి వాక్యం ఎలా మారిపోతుంది

ఇక్కడ కాస్త ఆగి దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఈ దశ గురించి నివేదికలు రెండు ముక్కల్లో తేల్చేస్తాయి. మానసిక వ్యాధికి మందులు వాడుతున్న ఒక మనిషి సర్వేలో ఇలా రాశారనుకుందాం: ‘ఈ మాత్రలు మొదలుపెట్టాక ఒళ్లు బాగా పెరిగింది. నలుగురిలోకి వెళ్లాలంటే సిగ్గేస్తోంది. డాక్టరుకు చెబితే మాత్రలు మాత్రం ఆపొద్దంటారు. నేనేం చేయాలి?’

దీన్ని పరిశోధించదగ్గ ప్రశ్నగా మార్చాలి. ఒక బృందం ‘యాంటీసైకోటిక్ మందుల వల్ల పెరిగే బరువును తగ్గించడానికి ఏ మందు మెరుగు?’ అని రాస్తుంది. ఇంకో బృందం ‘జబ్బు తిరగబెట్టకుండా మోతాదు తగ్గించడం లేదా మందు మార్చడం ఎలా?’ అంటుంది. మూడో బృందం ‘దుష్ప్రభావాల గురించి వైద్యుడు, రోగి కలిసి నిర్ణయం తీసుకునే పద్ధతులు ఏవి పనిచేస్తాయి?’ అంటుంది. మూడూ ఆ వాక్యంలో ఉన్నవే. కానీ మొదటిది రాస్తే ఇంకో మాత్ర మీద ట్రయల్ వస్తుంది, మూడోది రాస్తే సంప్రదింపుల తీరు మీద పరిశోధన వస్తుంది. తిరగరాసే మనిషికి ఏది అలవాటో అదే బయటికొస్తుంది. మందుల ట్రయల్స్‌లో పెరిగిన పరిశోధకుడికి మొదటి రూపమే సహజంగా తోస్తుంది, అందులో దురుద్దేశం ఉండనక్కర్లేదు.

ఈ పని సరిగ్గా జరిగినప్పుడు ఏం దొరుకుతుందో చెప్పడానికి స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి మీద బ్రిటన్‌లో ఇదే పద్ధతిలో తయారైన జాబితా మంచి ఉదాహరణ. మందులకు లొంగని జబ్బుకు ఏం చేయాలన్న ప్రశ్నతో పాటు, మందుల వల్ల వచ్చే లైంగిక సమస్యలు, బరువు పెరగడం కూడా అందులో మొదటి పదిలో నిలిచాయి. ఆసుపత్రి గదిలో నోరు విప్పి చెప్పుకోలేని బాధలు అక్కడ పరిశోధన ప్రశ్నలయ్యాయి. కీళ్లవాతం విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. ట్రయల్స్‌లో ఏం కొలవాలో నిర్ణయించే ఓమెరాక్ట్ సదస్సుల్లోకి 2002లో రోగులను పిలిచాక, విపరీతమైన అలసట తమను ఎంత కుంగదీస్తుందో వాళ్లు చెప్పారు. అప్పటిదాకా లెక్కంతా వాచిన కీళ్లు, నొప్పి, రక్తపరీక్షల చుట్టూ తిరిగేది. కొన్నేళ్లకే అలసటను కూడా కొలవాలని అక్కడ అంగీకారం కుదిరింది.

తిరగరాతలో మోసపోకుండా ఉండాలంటే ప్రతి జవాబును ఇద్దరు వేర్వేరుగా వర్గీకరించాలి, వాళ్లలో ఒకరు రోగి లేదా సంరక్షకులు కావాలి. ఒక స్ప్రెడ్‌షీట్‌లో అసలు వాక్యం, ఎవరు రాశారు, వేసిన వర్గం, కలిపేసిన ప్రశ్న, తుది రూపం అన్నీ ఒకే వరుసలో ఉండాలి. ఏ తుది ప్రశ్న దగ్గర నిలబడినా వెనక్కి నడిచి మొదటి వాక్యం దాకా వెళ్లగలగాలి. ఒక వాక్యంలో రెండు మూడు ప్రశ్నలుంటే రెండు మూడుగానే విడగొట్టాలి. ఎక్కువ కలిపేస్తే ‘జీవన నాణ్యత ఎలా పెంచాలి?’ లాంటి ప్రశ్నలు తేలతాయి. అందరూ వాటికి ఓటేస్తారు, ఎవరూ వాటి మీద పరిశోధన చేయలేరు.

ఆ తర్వాత ప్రతి ప్రశ్నకూ ఇప్పటికే జవాబు ఉందేమో చూస్తారు. సాధారణంగా గత మూడేళ్లలో వచ్చిన క్రమబద్ధ సమీక్షలను, అంటే ఒక ప్రశ్న మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచే నివేదికలను, వెతుకుతారు. జవాబు ఉన్న ప్రశ్నలు జాబితా నుంచి పోతాయి, అది సబబే. కానీ జవాబు ఉండి కూడా వందలమంది అదే అడిగారంటే ఆ సమాచారం వాళ్లకు చేరలేదని అర్థం. ఆ సంగతిని విడిగా నమోదు చేసి, ఆ జబ్బుకు వైద్యం చేసేవాళ్లకు, సంఘాలకు తెలియజేయాలి.

మార్కులు కలిపే సూత్రం

వందల్లో ఉన్న ప్రశ్నలు ఈ పాటికి అరవై, డెబ్భైకి దిగుతాయి. రెండో సర్వేలో ఒక్కొక్కరు తమకు ముఖ్యమైన పది ప్రశ్నలు ఎంచుకుంటారు. ఇక్కడ లెక్క ఎలా వేస్తారన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం.

మొత్తం 600 మంది స్పందించారు. వైద్య సిబ్బంది 420, రోగులు 150, సంరక్షకులు 30. సంరక్షకుల నిద్రలేమి, అలసట గురించిన ప్రశ్నను సంరక్షకుల్లో 24 మంది, రోగుల్లో 45 మంది, సిబ్బందిలో 42 మంది ఎంచుకున్నారు. మొత్తం 111 ఓట్లు, అంటే 18.5 శాతం. మందు మోతాదు గురించిన ప్రశ్నను సిబ్బందిలో 210 మంది, రోగుల్లో 30 మంది, సంరక్షకుల్లో ముగ్గురు ఎంచుకున్నారు. మొత్తం 243 ఓట్లు, 40.5 శాతం. అందరినీ ఒక కుప్పగా పోస్తే మోతాదు ప్రశ్నకు రెట్టింపుకు పైగా బలం.

ఇప్పుడు మూడు వర్గాలకూ సమాన బరువు ఇద్దాం. నిద్రలేమి ప్రశ్నకు సంరక్షకుల్లో 80 శాతం, రోగుల్లో 30, సిబ్బందిలో 10. సగటు 40. మోతాదు ప్రశ్నకు 10, 20, 50. సగటు 26.7. వరుస తలకిందులైంది. ఒక్క ఓటు కూడా మారలేదు.

సమాన బరువు మెరుగే, కానీ దానికీ ఒక బలహీనత ఉంది. ఆ 30 మంది సంరక్షకులూ ఒకే సంఘం సభ్యులైతే, వాళ్ల అభిప్రాయం అవసరానికి మించి పెద్దదవుతుంది. అందుకే సగటు ఒక్కదాని మీద ఆధారపడకుండా, ప్రతి వర్గం విడి జాబితా కూడా బయటపెట్టి, ఒక్కో వర్గం మొదటి ఐదు ప్రశ్నలను సగటుతో నిమిత్తం లేకుండా చివరి దశకు పంపడం మంచి పద్ధతి. ఎక్కువ మందికి రాని సమస్య, వచ్చినవాళ్లను మాత్రం దారుణంగా కుంగదీసే సమస్య ఓట్లలో ఎప్పుడూ వెనకబడుతుంది. దాన్ని కాపాడే నియమం ముందే రాసి ఉండాలి. ఓట్లు చూశాక రాసే నియమాన్ని ఎవరూ నమ్మరు.

ఇంకో ప్రసిద్ధ పద్ధతి సీహెచ్‌ఎన్‌ఆర్‌ఐ, పిల్లల ఆరోగ్యం, పోషణ రంగంలో పుట్టింది. ఇందులో నిపుణులు పరిశోధన ఆలోచనలు పంపి, ఒక్కోదానికీ ఐదు ప్రమాణాల మీద మార్కులు వేస్తారు. జవాబు దొరకగలదా, ఫలితం పనిచేస్తుందా, జనానికి అందించగలమా, జబ్బు భారం ఎంత తగ్గుతుంది, అసమానత తగ్గుతుందా అన్నవి ఆ ప్రమాణాలు. అవునంటే 1, కాదంటే 0, తేల్చుకోలేకపోతే 0.5. వాటి నుంచి 0 నుంచి 100 దాకా స్కోరు వస్తుంది. లెక్క అంతా పారదర్శకం, ఒకరి గొంతు మిగతావాళ్లను ముంచేయదు. భారత వైద్య పరిశోధన మండలి, ఇన్‌క్లెన్ అనే పరిశోధన సంస్థ కలిసి తల్లీబిడ్డల ఆరోగ్యం మీద ఈ పద్ధతి వాడినప్పుడు 256 సంస్థల నిపుణుల నుంచి 4000కు పైగా ఆలోచనలు వచ్చాయి. అంత విస్తృతి మెచ్చుకోదగ్గది. కానీ ఆలోచన పంపేదీ నిపుణులే, మార్కులు వేసేదీ నిపుణులే. ప్రజలకు ఈ పద్ధతిలో మామూలుగా దక్కే పాత్ర ప్రమాణాలకు బరువులు నిర్ణయించడం. ఆ పాత్ర వినడానికి గొప్పగా ఉన్నా ఆచరణలో చిన్నది. ఒక ఆలోచనకు ఒక ప్రమాణంలో మంచి మార్కులొస్తే మిగతావాటిలోనూ రావడం మామూలే. అలాంటప్పుడు బరువులు అటూ ఇటూ మార్చినా వరుస పెద్దగా కదలదు. అసలు ఆలోచనలు పంపే దశలోనే ప్రజలకు చోటిస్తే ఫలితం మారుతుంది.

చివరి సమావేశం

పాతిక, ముప్పై ప్రశ్నలు, పాతిక ముప్పై మంది మనుషులు, ఒక రోజు. జేమ్స్ లిండ్ పద్ధతిలో ప్రశ్నలన్నీ వారం పది రోజుల ముందే పంపి, ఎవరికి వాళ్లు వరుస పెట్టుకుని రమ్మంటారు. సమావేశంలో మూడు చిన్న బృందాలు, ప్రతిదానిలో రోగులు, సంరక్షకులు, సిబ్బంది కలిసి ఉంటారు. మొదట ఒక్కొక్కరూ తమకు అతి ముఖ్యమైన మూడు, అతి తక్కువ ముఖ్యమైన మూడు చెబుతారు. అప్పటిదాకా చర్చ ఉండదు. తర్వాత పెద్ద కార్డుల మీద రాసిన ప్రశ్నలను బల్ల మీద పరచి, కలిసి వరుసలో పెడతారు. మూడు బృందాల వరుసలను భోజన విరామంలో కలిపి లెక్కగట్టి, మధ్యాహ్నం బృందాల్లో మనుషులను మార్చి మళ్లీ చర్చిస్తారు. చివరికి అందరూ కలిసి మొదటి పది ఖాయం చేస్తారు.

ముందుగా ఒక్కొక్కరూ వంతుల వారీగా మాట్లాడాలన్న నియమం చిన్నదిగా కనిపించినా కీలకం. అది లేకపోతే మొదటి ఐదు నిమిషాల్లో సీనియర్ డాక్టరు ఒక మాట అంటారు, మిగతా గంట దాని చుట్టూ తిరుగుతుంది. హాజరు ఉండి గొంతు లేకపోవడం అంటే అదే. గొంతు ఉండి ప్రభావం లేకపోవడం ఇంకో రకం నష్టం. రోగి పది నిమిషాలు మాట్లాడతారు, అందరూ తలూపుతారు, కార్డు మాత్రం కదలదు. మోడరేటర్ రెండింటినీ కనిపెట్టాలి. ఒకరు మాట్లాడాక ‘దీని వల్ల ఏ కార్డు ఎక్కడికి జరగాలి?’ అని అడిగి తీరాలి.

ఒక బల్ల దగ్గర ఏ వర్గం నుంచీ ఒక్కరినే కూర్చోబెట్టకూడదు. పదిమంది నిపుణుల మధ్య ఒక్క రోగి అంటే ఆ మనిషి మీద లక్షలమంది తరఫున మాట్లాడే బరువు పెట్టినట్టే. కులం, ఆదాయం, లింగం, వైకల్యం లాంటి తేడాలు బలంగా ఉన్నచోట ముందు విడివిడి సమావేశాలు జరిపి, ఆ వర్గం తనలో తాను మాట్లాడుకున్నాక కలిపి కూర్చోబెట్టడం ఫలితమిస్తుంది. డబ్బు విషయమూ ఇంతే సూటిగా ఉండాలి. డాక్టరు జీతం తీసుకుంటూనే వస్తారు, రోగి ఆ రోజు సంపాదన పోగొట్టుకుని వస్తారు. ప్రయాణ ఖర్చు తర్వాత ఇస్తామనడం కాదు, ముందే ఇవ్వాలి. సమయానికి గౌరవవేతనం ఇవ్వాలి. అది తీసుకుంటే వాళ్లకు వచ్చే పింఛనుకో సహాయానికో దెబ్బ తగులుతుందేమో నిర్వాహకులే ముందు కనుక్కోవాలి. మధ్యమధ్యలో విరామం, పడుకునే గది, తోడు మనిషికి భోజనం లేకపోతే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు మధ్యాహ్నానికే వెళ్లిపోతారు. తుది ఓటింగ్ జరిగేది సాయంత్రమే.

సామాన్యులకు సైన్స్ తెలియదు కదా అన్న అభ్యంతరం ఇప్పటికీ వినిపిస్తుంది. ట్రయల్ ఎలా నడపాలో వాళ్లను ఎవరూ అడగడం లేదు. ఏది బాధిస్తోందో చెప్పడంలో వాళ్లకు మించిన నిపుణులు లేరు. అయితే ఈ అభ్యంతరంలో ఒక నిజం ఉంది. ఈ పద్ధతులు, ఇప్పటికే తెలిసిన జబ్బుల మీద చేసే అనువర్తిత పరిశోధనకు సరిపోతాయి. కణం ఎలా పనిచేస్తుందో తెలుసుకునే మౌలిక పరిశోధనను పది ప్రశ్నల జాబితాతో నడపడం కుదరదు. దానికి విడి నిధి ఉండాలి, రెండింటి మధ్య వాటా ఎంతన్నది బహిరంగంగా చర్చించి తేల్చుకోవాలి.

జాబితా తర్వాత

ఎంత చక్కగా చేసినా, జాబితాకు డబ్బు ముడిపడకపోతే అది పాల్గొన్నవాళ్ల నమ్మకాన్ని ఖర్చు చేసినట్టే. నిధులిచ్చే సంస్థను మొదటి సమావేశంలోనే కూర్చోబెట్టి, ఎంత మొత్తం, ఎన్ని ప్రశ్నలకు, ఏ గడువులోగా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. అంత హామీ దొరకకపోతే ఆ సంగతి సర్వే మొదటి పేజీలోనే చెప్పాలి. కొన్ని దేశాలు దీన్ని వ్యవస్థగా మార్చాయి. అమెరికాలో 2010 ఆరోగ్య చట్టం ద్వారా ఏర్పడిన, పరిశోధనకు నిధులిచ్చే పీకోరీ సంస్థ పాలకమండలిలో రోగుల ప్రతినిధులకు చట్టమే చోటిచ్చింది. అయితే అలాంటి చోటు ఊరికే రాలేదు. 1988 అక్టోబరులో ఎయిడ్స్ ఉద్యమకారులు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కార్యాలయాన్ని ముట్టడించారు. ఆ తర్వాతే ప్రభుత్వ ట్రయల్స్ ప్రణాళిక సమావేశాల్లోకి రోగుల ప్రతినిధులకు దారి దొరికింది. ఆహ్వానం కోసం ఎదురుచూసే స్థోమత లేనివాళ్లు అలా తలుపు తట్టారు. ఉద్యమం చేయలేనంత బలహీనంగా ఉన్న రోగులకు కూడా తలుపు తెరిచి ఉంచే బాధ్యత సంస్థలదే.

నిర్ణయం న్యాయంగా ఉందని చెప్పడానికి తత్వవేత్త నార్మన్ డేనియల్స్, వైద్యుడు జేమ్స్ సేబిన్ 1990ల చివర్లో నాలుగు షరతులు ప్రతిపాదించారు. కారణాలు అందరూ ఒప్పుకోదగ్గవిగా ఉండాలి, బహిరంగంగా ఉండాలి, ప్రశ్నించి మార్చే వీలుండాలి, వీటిని అమలుచేసే వ్యవస్థ ఉండాలి. మొదటి రెండూ కొంతవరకు అమలవుతున్నాయి. మూడోది చాలా అరుదు. తమ ప్రశ్న పోయిందని భావించేవాళ్లు అప్పీలు చేసుకునే దారి ఉన్న ప్రాధాన్య ప్రక్రియలు అతి తక్కువ. ముసాయిదా జాబితా ప్రచురించి ఆరు వారాలు అభ్యంతరాలు స్వీకరించడం, ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబివ్వడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఇలాంటి ప్రాధాన్య ప్రక్రియల నివేదికలో ఏముండాలో చెప్పే రిప్రైజ్ అనే మార్గదర్శకం 2019లో వచ్చింది. ఎవరు పాల్గొన్నారు, ఎలా ఎంపికయ్యారు, ప్రశ్నలు ఎలా పోగయ్యాయి, వరుస ఎలా తేలింది, నిధులు ఎవరివి అన్నవన్నీ అందులో ఉన్నాయి. దాంతోపాటు పోయిన ప్రశ్నల జాబితా, ఒక్కో దశలో ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయి అన్నదీ పాల్గొన్నవాళ్ల భాషలో, వాళ్ల చేతికి చేరాలి. ఏడాది తర్వాత ఒకసారి, మూడేళ్ల తర్వాత ఇంకోసారి, ఒక్కో ప్రశ్న ఎదురుగా నాలుగు గడులతో ఒక పట్టిక పంపాలి: నిధులు వచ్చాయా, ఎవరు చేస్తున్నారు, ఏ దశలో ఉంది, మొదలవకపోతే కారణం ఏమిటి. మొదటి పదిలో సగం ప్రశ్నలకు మూడేళ్లయినా ఎవరూ దరఖాస్తు చేయలేదని తేలితే, ఆ ప్రశ్నలకే ప్రత్యేకంగా దరఖాస్తులు పిలిచి, దరఖాస్తుదారుల బృందంలో ఆ ప్రశ్న వేసిన వర్గం వాళ్లు ఉండాలన్న షరతు పెట్టాలి.